నూట నలభై ఏడో కాంటాక్టు

అది 1999 జూన్. సికింద్రాబాదులో ప్రతి రెండో మేడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డు వెలుస్తున్న రోజులు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి, 1997 జులై 31న రిటైరై, మారేడ్‌పల్లిలో మా వరండాలోనే మిక్సీలు, ఫ్యాన్లు, పాత రేడియోలు బాగుచేస్తూ ఉండేదాన్ని. విజయనగరం నుంచి ఆపరేటరు ఉద్యోగానికి వచ్చి, డిపార్ట్‌మెంటు పరీక్ష రాసి టెక్నీషియన్నయ్యాను. మా స్విచ్ రూములో చాలా ఏళ్లపాటు ఆడమనిషిని నేనొక్కదాన్నే. అక్కడ పట్టుబడిన అలవాటు ఒకటి ఇప్పటికీ వదల్లేదు. చేపట్టిన ప్రతి పనికీ ఒక నంబరు, తేదీ, ఏం చూశాను, ఏం విప్పాను, ఏం బిగించాను అన్నీ పుస్తకంలో రాసుకుంటాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ పుస్తకంలో 41వ పని.

మిక్సీ మోటార్లలో వైండింగ్ కాలిపోతే సీతాఫల్‌మండిలో షంషాద్ దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. వైండింగ్ అంటే మోటారులో రాగితీగను చుట్లు చుట్లుగా చుట్టడం. నాలుగు చుట్లు తక్కువైనా మోటారు వేడెక్కుతుంది. షంషాద్ తండ్రి మస్తాన్ గారు ఒంగోలు వైపు నుంచి వచ్చి ఆ షాపు పెట్టారు. 1991లో ఆయన పోయాక కూతురే నడుపుతోంది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ఇనప పట్టీలు బిగించుకుని, చేతికర్రతో నడిచేది. మొదటిసారి నేను, ఎన్ని చుట్లు వేశావని అడిగితే, "విప్పి లెక్కబెట్టుకోండి. తక్కువ పడితే తీగ వాపస్ తీసుకుంట" అంది. నేను నిజంగానే ఒక కాయిల్ విప్పి లెక్కపెట్టాను. సరిపోయింది. అప్పటినుంచి మా ఇద్దరికీ కుదిరింది.

జూన్ 10న మోటారు ఒకటి ఇవ్వడానికి వెళ్తే, షాపు ముందుగదిలో సామానంతా ఒక పక్కకు జరిపి ఉంది. షంషాద్ అన్న ఖాజా లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆ ముందుగదిని జులై 1 నుంచి ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి అద్దెకు మాట్లాడాడు. వైండింగ్ బల్ల వెనక గదిలోకి పోతుంది. మిగిలింది గోడవారగా దుప్పటి కప్పి ఉన్న ఒక పెద్ద పెట్టె. షంషాద్ దుప్పటి లాగింది.

"టెలిఫోనమ్మా, జెర దీన్ని చూస్తరా? ఏడేండ్లయింది ఆగిపోయి."

అది పిన్‌బాల్ మిషన్. నాలుగు కాళ్ల మీద ఏటవాలుగా ఉన్న బల్ల, పైన అద్దం. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కుగుండు పైకి దూసుకెళ్లి, దిగేటప్పుడు స్తంభాలకు తగిలి గంటలు మోగిస్తూ అంకెలు పెంచుతుంది. అడుగున రెండు రెక్కలుంటాయి, వాటిని ఫ్లిప్పర్లంటారు. పక్కనున్న బొత్తాలు నొక్కి, గుండు కింద పడిపోకుండా ఆ రెక్కలతో పైకి కొట్టాలి. అయిదు గుండ్లకు ఒక ఆట. ఆ వీధిలో అందరూ దాన్ని గుండు మిషన్ అనేవారట. 1974లో ఒక క్లబ్బువాళ్లు పాడైన సామాను వేలం వేస్తే మస్తాన్ గారు రాగి కోసం దాన్ని కొన్నారు. విప్పబోయి, విప్పడం మానేసి, బాగుచేశారు. మోటారు ఇవ్వడానికొచ్చిన వాళ్లు ఒక ఆట ఆడుకుని పోయేవారు.

మిషన్ పక్కన గోడ మీద ఆకుపచ్చ ఎనామిల్ రంగుతో రెండు వరుసలు రాసి ఉన్నాయి. షంషాద్ 4,860. ఖాజా 3,210. మస్తాన్ గారి చేతిరాత అది.

ఖాజా ఆఫీసుకు బయల్దేరుతూ ఆగి, తన మాట చెప్పాడు. షాపు వెనకే ఉన్న వాళ్లింటి హాలు చిన్నది, తనకు ఇద్దరు పిల్లలున్నారు, పనికిరాని పెట్టెకి చోటు లేదు. "నడిస్తే లోపల పెట్టుకుందాం. నడవకుంటే పాత సామాను కొనే కబాడీకి ఇచ్చేస్తా. దాని మీద చెల్లెకు ఎంత పానమో నాకు తెల్వదా? కానీ చచ్చిపోయిన డబ్బాను చూస్తూ ఎన్ని దినాలు కూసుంటదమ్మా?"

అతని మాట కటువుగా లేదు. నేను మాత్రం గడువు రాసుకున్నాను: ఇరవై రోజులు.

నన్ను ఒప్పించింది వాళ్ల మాటలు కాదు, అద్దం ఎత్తి, బల్ల పైకి లేపి, లోపల చూసినప్పుడు కనిపించిన రిలేలు. రిలే అంటే కరెంటు పారగానే చిన్న అయస్కాంతంగా మారి, తన పక్కనున్న ఇత్తడి రేకులను కలపడమో విడదీయడమో చేసే స్విచ్చి. ఆ రేకుల చివర ఒకదానికొకటి తగిలే బొడిపెలు కాంటాక్టులు. మా పాత ఎక్స్ఛేంజి మొత్తం వాటితోనే నడిచేది. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చాక ఆ రాక్‌లను ఊడదీసి లారీలకెత్తుతుంటే సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇక జన్మలో ముట్టుకోననుకున్న వస్తువులు ఇరవై మూడు, ఒక ఆట పెట్టెలో, దుమ్ము కింద వరసగా కూర్చుని ఉన్నాయి.

అదృష్టం ఏమిటంటే, పెట్టె వెనక ఒక సంచిలో మడతలు విరిగిన సర్క్యూట్ కాగితం దొరికింది. ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో చెప్పే పటం అది. ఆ కాగితం లేకపోతే నేను ఒప్పుకునేదాన్నే కాదు.

పని జూన్ 12న మొదలుపెట్టాను. మొదట ఫ్యూజు చూస్తే, ఎవరో మేకు లాంటి మందపు తీగ చుట్టారు. అది మార్చాను. అమెరికా మిషన్ కాబట్టి మన వోల్టేజి సగానికి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు బయట ఉంది, అది బాగానే ఉంది. తర్వాత అసలు రోగం. కుడి ఫ్లిప్పరు కాయిల్ కాలి నల్లబడింది. షంషాద్ దాన్ని 1992లో రెండుసార్లు చుట్టింది, రెండుసార్లూ వారం తిరక్కుండా కాలిపోయింది. తన చుట్టుడులో తప్పుందనుకుని, మూడోసారి ధైర్యం చెయ్యలేదు.

తప్పు ఆమెది కాదు. ఫ్లిప్పరు కాయిల్‌లో రెండు వైండింగులుంటాయి. ఒకటి రెక్కను ఒక్క ఊపున లేపేది, రెండోది లేచిన రెక్కను పట్టి ఉంచేది. రెక్క పైకి లేవగానే చివర ఒక కాంటాక్టు విడిపోయి, రెండో వైండింగును కూడా దారిలోకి తెచ్చి, కరెంటును తగ్గించాలి. ఆ కాంటాక్టు రేకు వంగిపోయి, అసలు విడిపోవడం లేదు. అప్పుడు ఎంత చక్కగా చుట్టినా ఏ కాయిలైనా కాలుతుంది. ఈ సంగతి చెప్తే షంషాద్ నల్లబడ్డ కాయిల్‌ను చేతిలోకి తీసుకుంది. తర్వాత, "ఏడేండ్ల సంది నా చేతినే తిట్టుకున్న" అంది. ఆ సాయంత్రమే కాలిన కాయిల్ విప్పుతూ చుట్లు లెక్కపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని వేరే లెక్కపెట్టాను. మా లెక్కల్లో మూడు చుట్ల తేడా వచ్చింది. "మీరు దగ్గినప్పుడు పోయినయ్" అంది. ఆమె లెక్కే రాసుకున్నాను.

కొత్త కాయిల్ ఎండేలోపు మిగతా కాంటాక్టులన్నీ ఒక్కొక్కటిగా శుభ్రం చేశాను. ఉప్పుకాగితం వాడకూడదు, సన్నటి ఆకురాయి లాంటి బర్నిషర్‌తో రెండుసార్లు తుడవాలి, అంతే. ప్రతి జతకూ ఒక టిక్కు పెట్టాను. జూన్ 17కి పని పూర్తయి, లెక్క కూడితే 147 జతలు వచ్చాయి. సర్క్యూట్ కాగితంలో ఉన్నవి 146.

నాకు లెక్క తేడా వస్తే అన్నం సహించదు. మళ్లీ మొదటినుంచి చూసి, అదనపు జతను పట్టుకున్నాను. మిషన్ ముందంచున, ఎడమ మూలన, రెండంగుళాల వెడల్పు చెక్కపట్టీ ఒకటి బిగించి ఉంది. పెచ్చు ఊడినచోట అతుకు వేశారనుకున్నాను. దాని కిందుగా లోపలివైపు ఒక ఇత్తడి రేకుల జత, దానికి ఆకుపచ్చ సిల్కు చుట్టిన రెండు తీగలు. ఆ తీగలు పోయి టిల్ట్ తీగ మధ్యలో కలిశాయి.

టిల్ట్ ఏమిటో చెప్పాలి. ఆడేవాళ్లు మిషన్‌ను కుదిపి గుండును తమకు కావలసిన వైపు మళ్లించకుండా, లోపల ఒక ఇత్తడి లోలకం వేలాడుతుంది. దాని చుట్టూ ఒక రింగు. మిషన్‌ను కుదిపితే లోలకం ఊగి రింగుకు తగులుతుంది. వెంటనే టిల్ట్ దీపం వెలిగి, ఫ్లిప్పర్లు చచ్చుబడి, ఆ గుండు పోతుంది.

ఎక్స్ఛేంజిలో మాకొక నియమం ఉండేది. రికార్డులో లేని జంపర్ తీగ, అంటే రెండు లైన్లను కలిపే అదనపు తీగ, కనిపిస్తే తీసెయ్యాలి. ఎవరు వేశారో, ఎందుకు వేశారో అడగక్కర్లేదు, రికార్డే సాక్ష్యం. దాని వల్ల మేము ఎన్నో తప్పుడు లైన్లు పట్టుకున్నాం. కాబట్టి నేను రెండో ఆలోచన లేకుండా ఆ జత విప్పేసి, టిల్ట్ తీగను కాగితంలో ఉన్నట్టు నేరుగా కలిపేశాను. విప్పిన రేకులనూ తీగలనూ మందుల కవరులో వేసి, తేదీ వేసి, సంచిలో పెట్టుకున్నాను. పుస్తకంలో రాశాను: 146. సరిపోయింది. కింద గీత కూడా గీశాను.

షంషాద్ ఆ రోజుల్లో మిషన్‌ను ముట్టుకోలేదు. పూర్తయ్యాకే ఆడతానని పట్టు. పరీక్షలన్నీ నేనే చేశాను. జూన్ 24న కొత్త కాయిల్ బిగించి స్విచ్చి వేశాను. రిలేలన్నీ ఒక్కసారి చకచకా కొట్టుకుని, అంకెల చక్రాలు గిర్రున తిరిగి సున్నాల దగ్గర ఆగాయి. ఆ చప్పుడు విని రెండేళ్లయింది నాకు. స్క్రూడ్రైవరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

జూన్ 27 ఆదివారం, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఆట పెట్టారు. ముందు ఖాజా ఆడాడు. మూడో గుండుకి మిషన్‌ను ఒక్క తోపు తోశాడు, టిల్ట్ పడింది. "ఇగో, పాత దుష్మన్ మళ్లా లేచిండు" అని నవ్వాడు. ఐనా 1,940 చేశాడు. చెమట తుడుచుకుంటూ, లోపల హాల్లో కిటికీ పక్కన పెడదామని తనే అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత షంషాద్ వచ్చింది. కర్రను గోడకు ఆనించి, మిషన్ ముందు నిలబడి, రెండు చేతులూ బొత్తాల మీద వేసింది. గుండు వదిలింది. అది ఇంకా మొదటి స్తంభం దాటలేదు, టిల్ట్ దీపం వెలిగింది. రెండో గుండూ అంతే. మూడోదానికి ఒక ఫ్లిప్పరు ఒకసారి కొట్టింది, మళ్లీ టిల్ట్. అయిదు గుండ్లూ అయిపోయాయి. అంకెల్లో 210.

 ఖాజా ఇంకో ఆట ఆడమన్నాడు. ఆడింది. 160.

టిల్ట్ అంత తొందరగా పడకుండా లోలకం కాస్త కిందికి జరుపుతానన్నాను. వద్దంది. "మిషన్ మంచిగనే ఉందమ్మా. అప్పట్ల ఎట్ల ఆడిందో గట్లనే ఆడుతోంది. నా చెయ్యే పోయింది." గోడ మీది 4,860 వైపు చూడలేదు. "అప్పుడంతా మందిని చూసి నవ్వెటిదాన్ని. ఆగలేరు, కుదుపుతరు, టిల్ట్ తెచ్చుకుంటరు అని. నాకు పదిహేడేండ్లల్ల ఒక్కసారి సుత పడలే." కర్ర తీసుకుని, అన్నతో, "కబాడీవాణ్ణి పొద్దుగాల్నే రమ్మను. నేను ఆడలేనిది ఎవరికోసం లోపల పెడతవ్?" అని వెనక గదిలోకి వెళ్లిపోయింది.

ఖాజా నన్ను బస్టాపు దాకా దిగబెడుతూ, రేపు పదింటికి కబాడీబండి వస్తుందన్నాడు. గొంతులో సంతోషం లేదు.

ఇంటికొచ్చి దీపాలవేళ పుస్తకం తీశాను. లోపం నా పనిలో ఉంటే ఎక్కడో రాసి ఉండాలి, ఎందుకంటే నేను రాయకుండా ఏదీ ముట్టుకోను. జూన్ 12 నుంచి ఒక్కో వరుస చదువుకుంటూ వచ్చి, జూన్ 17 దగ్గర ఆగాను. ఎడమ మూల, చెక్కపట్టీ కింద, టిల్ట్ తీగ మధ్యలో.

అప్పుడు షంషాద్ ఎలా నిలబడిందో కళ్లముందుకొచ్చింది. చేతులు రెండూ బొత్తాల మీదుంటే కర్ర పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఎడమకాలు బరువు మొయ్యదు. ఆ బరువంతా ఆమె నడుముతో సరిగ్గా ఆ చెక్కపట్టీ మీద వేసింది. ఆమె ఊపిరి తీసినా మిషన్ కదులుతుంది, లోలకం ఊగుతుంది. ఆ చెక్కపట్టీ మీద బరువు పడితే కింద కాంటాక్టు విడిపోయి, లోలకం ఎంత ఊగినా కరెంటు పారదు. బరువు తీస్తే మళ్లీ మామూలే. ఖాజాకు టిల్ట్ పడుతుంది, మోటారు ఇవ్వడానికొచ్చిన వాళ్లకు పడుతుంది, షంషాద్‌కు పడదు. పట్టీ నడుమ నునుపు తేలి నల్లబడి ఉండటం నేను చూశాను కూడా. చూసి, మురికి అని రాసుకున్నాను.

మస్తాన్ గారు ఎవరికీ చెప్పలేదు. కాగితంలో రాయలేదు. కూతురికీ చెప్పలేదు. నేను పద్ధతి ప్రకారం ఒక తండ్రి చేసిన పనిని విప్పి మందుల కవరులో వేశాను.

మర్నాడు మొదటి బస్సు పట్టుకున్నాను. ఎనిమిదింటికి ముందే షాపులో ఉన్నాను. ఖాజాతో ఒక చిన్న పని మిగిలిపోయిందని మాత్రం చెప్పి, నలభై నిమిషాల్లో ఆ జతను ఎక్కడిదక్కడ బిగించాను. రేకు ఎంత నొక్కితే విడిపోవాలో మాత్రం నాకు తెలియదు. అందుకు షంషాద్ బరువే కావాలి.

పిలిస్తే, విసుక్కుంటూ వచ్చింది. "కబాడీకి పోయేదానికి సుత కొలతలేనా టెలిఫోనమ్మా?"

"ఒక్క గుండు. నా పుస్తకంలో రాసుకోడానికి."

నడుము ఆనించి, గుండు వదిలింది. అది స్తంభాల మధ్య కొట్టుకుని, గంటలు మోగించి, కిందికి వచ్చింది. కుడి ఫ్లిప్పరు, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. టిల్ట్ దీపం వెలగలేదు. ఆ ఒక్క గుండుకే 900 దాటింది. గుండు పోయాక కూడా ఆమె చేతులు బొత్తాల మీదే ఉన్నాయి.

"ఏం చేసినరు?" అంది, నా వైపు తిరక్కుండానే.

లోలకం సరిచేశానని చెప్పి ఊరుకోవచ్చు. బస్సులో అంతదూరం అదే ఆలోచించాను. ఆమె తండ్రి దాచిన సంగతి బయటపెట్టే హక్కు నాకుందా అని. కానీ ఇదివరకే ఒక కాంటాక్టు తప్పుకు ఏడేళ్లు తన చేతిని తిట్టుకున్న మనిషి ఆమె. ఈసారి నా తప్పుకు తిట్టుకోకూడదు. అద్దం ఎత్తి, బల్ల లేపి, టార్చి వేసి చూపించాను. ఏం విప్పానో, ఎప్పుడు విప్పానో పుస్తకం తెరిచి చూపించాను.

ఆమె వంగి చాలాసేపు చూసింది. తీగ చివర సిల్కు దారంతో కట్టిన ముడిని వేలితో తాకింది. మోటారు కాయిళ్లకు ఇప్పటికీ ఆమె వేసే ముడే అది.

"మా నాయన ముడి" అంది. తర్వాత నడుం నిలబెట్టి, నన్ను సూటిగా చూసి, "అంటే పదిహేడేండ్లు నేను ఆడింది దొంగాటనా?" అంది.

నేను ఓదార్చడం చేతకాని మనిషిని. తెలిసింది చెప్పాను. మిషన్‌కు నాలుగు కాళ్ల కిందా నాలుగు మరలుంటాయి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే, ఎక్కువ తక్కువలు చూసి వాటిని తిప్పి, బల్లను సమం చేస్తాం. అలా చేస్తే దాన్ని దొంగాట అనరు, ఆట మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని అంటారు. "మీ నాన్నగారు అయిదో మర పెట్టారు. 4,860 కొట్టింది మర కాదు. నిన్న మీ అన్నయ్య రెండు కాళ్ల మీదా గట్టిగా నిలబడి కూడా 1,940 దగ్గరే ఆగాడు."

వెనకనుంచి ఖాజా గొంతు వినిపించింది. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో. "అంటే నేను ఓడిపోయిందంతా నాయన చేసిన కుట్రనా? ఆగు, ఇప్పుడు నేనూ ఆనుకొని ఆడతా." నిజంగానే వచ్చి, ఎడమ మూలన నడుం ఆనించి, వంకరగా నిలబడి ఆడాడు. అలవాటు లేని నిలబడటం. 1,130 వచ్చింది. షంషాద్ నవ్వింది. ముందు మెల్లగా, తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. "నాయన నీకు పది మరలు పెట్టినా గంతే అన్నా" అంది.

పదింటికి కబాడీబండి వచ్చింది. కాలిపోయిన పాత కాయిళ్లు, విరిగిన ఫ్యాన్ రెక్కలు ఎత్తించుకుని పోయింది.

ఆ వారమే మిషన్ లోపలి హాల్లోకి, కిటికీ పక్కకి చేరింది. ముందుగదికి సున్నం వేసేవాళ్లు గోడ మీది అంకెలు కొట్టేయబోతే, వాటి చుట్టూ ఒక జానెడు వదిలేయమని ఖాజానే చెప్పాడట. తర్వాత నేను మోటార్లు పట్టుకెళ్లినప్పుడల్లా, జావా నేర్చుకోడానికొచ్చిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఫైళ్లు చంకన పెట్టుకుని హాలు గుమ్మంలో తమ వంతు కోసం నిలబడి కనిపించేవారు. ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడం నేర్చుకుంటున్న వాళ్లందరినీ షంషాద్ ఓడించేది. 2001 మార్చి 18న 5,020 చేసింది. నాకు ఫోన్ చేసి, తేదీతో సహా రాసుకోమంది. రాసుకున్నాను.

ఆ పనికి నేను తొమ్మిది రోజులు వెళ్లాను, ముప్ఫై ఒక్క గంటలు పట్టింది. ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగం నేర్పనిది అందులో చివరి గంటలో నేర్చుకున్నాను. అందుకు షంషాద్‌కు రుణపడి ఉన్నాను. నా పొరపాటు చూసి ఆమె ఒక్క మాట అనలేదు, పుస్తకం తిరిగిచ్చి, "రాసుకున్నరు కాబట్టి దొరికింది" అంది. నేనెన్నడూ చూడని మస్తాన్ గారికి ఇంకా ఎక్కువ రుణపడి ఉన్నాను. అంత శుభ్రంగా, అంత మౌనంగా చేసిన పని నా చేతుల మీదుగా మళ్లీ ఒకటి పోలేదు. పటంలో లేని తీగ కనిపిస్తే ఇప్పుడు నేను కత్తెర పక్కన పెట్టి, ముందు ఇంట్లోవాళ్లను పిలిచి అడుగుతాను: దీన్ని ఎవరు వేశారు, ఎవరి కోసం వేశారు.

జూన్ 28న బయల్దేరే ముందు సర్క్యూట్ కాగితాన్ని బల్ల మీద పరిచి, టిల్ట్ తీగ మధ్యలో ఆ కాంటాక్టును సిరాతో గీశాను. పక్కన మస్తాన్ గారి పేరు రాశాను. ఎప్పుడు పెట్టారో షంషాద్‌కూ తెలియదు కాబట్టి తేదీ గడి ఖాళీగా వదిలేశాను. నా జీవితంలో తేదీ లేకుండా వదిలిన గడి అదొక్కటే. కింద 146 కొట్టేసి, 147 అని వేసి, సంతకం పెట్టాను.